వార్డులో అదంతా చూశాక ప్రార్థనలో 'ఆమెన్' రావడం లేదు

మూడోషిఫ్టు
కాలిన గాయాల వార్డులో పని చేస్తాను. చిన్నప్పటి నుంచీ సంఘంలోనే పెరిగాను, ఎవరి బలవంతం లేకుండా ఇష్టంగానే నమ్మాను. ఇప్పుడు మాత్రం ఆరాధనలో అందరూ చేతులెత్తి పాడుతుంటే నా పెదవులు కదులుతాయి, లోపల ఏమీ ఉండదు.

మా వార్డులో ఒక పాప ఉండేది. డ్రెస్సింగ్ ట్రాలీ చక్రాల చప్పుడు వినిపిస్తే చాలు, దుప్పటి గడ్డం దాకా లాక్కునేది. నొప్పి మందు ముందే ఇచ్చేవాళ్లం. గాజుగుడ్డను సెలైన్‌తో బాగా నానబెట్టి, అంచు పట్టుకుని కొంచెం కొంచెంగా తీసేదాన్ని. అయినా కొన్నిచోట్ల అంటుకుపోయేది. పెద్దగా ఏడ్చేది కూడా కాదు. "సిస్టర్, ఇంకెన్ని ఉన్నాయి?" అనేది, ఇంకెన్ని పట్టీలు తీయాలి అని. ఉన్నవి ఉన్నట్టు చెప్పేదాన్ని. చివరికి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి చనిపోయింది.

సంఘంలో చెప్పుకుంటే ఒక పెద్దావిడ "దేవుడు తన తోటలోకి ఒక పువ్వు కోసుకున్నాడమ్మా" అన్నారు. ఇంకొకరు "అన్నీ ఆయన ప్రణాళిక ప్రకారమే" అన్నారు. ఆ ప్రణాళికలో ఆ డ్రెస్సింగులు కూడా రాసి ఉన్నాయా అని అడుగుదామనుకున్నాను, నోరు పెగల్లేదు.

నమ్మకం ఉండి ఈ పని చేస్తున్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? ఓదార్పు వద్దు. మీరు ఏం చేస్తారో చెప్పండి చాలు.

సందేహాల_తోమా
పువ్వు డైలాగ్ చెప్పినవాళ్లను ఒక్క డ్రెస్సింగ్‌కి పిలవాలి. ఏం చేయక్కర్లేదు, ట్రే పట్టుకుని నిలబడితే చాలు.

విశ్వాసవీరుడు
సిస్టర్, నేను నర్సును కాను, నా భార్య నర్సు. మీ బాధ తెలుసు. కానీ రోమా 8:28 మర్చిపోకండి. "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అని స్పష్టంగా ఉంది. సమస్తమును అంటే అన్నీ. మనకు ఇప్పుడు కనపడదు, ఆయనకు కనపడుతుంది. ఇలాంటి ప్రశ్నలు మనసులో పెట్టుకుని తిరిగితే శత్రువుకు సందు దొరుకుతుంది. ఉపవాస ప్రార్థనలో కూర్చోండి.

పాత_హెడ్‌నర్స్
వీరుడు గారూ, 28 దగ్గరికి వెళ్లే తొందరలో అందరూ 26ని దాటేస్తారు. ఏం అడగాలో మనకు తెలియనప్పుడు ఆత్మే "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" మన తరఫున వేడుకుంటాడని అక్కడ ఉంది. దానికి పైన 22లో సృష్టి అంతా మూలుగుతోందని ఉంది. వార్డులో పని చేసినవాళ్లకు ఆ శబ్దం గురించి ఎవరూ వివరించక్కర్లేదు. మాటలు రాని స్థితి కూడా ప్రార్థనలో భాగమేనని ఆ పత్రిక రాసిన పౌలు ఒప్పుకున్నాక, మూడోషిఫ్టు అమ్మాయికి ఆమెన్ రాలేదని మనం కంగారు పడటం దేనికి?

ఇంకో మాట. డ్యూటీలో తిండి సరిగా తినని పిల్లకు ఉపవాసం చెప్పకండి బాబూ.

దేవుడంటే_తెలియదు
నేను ఏ మతమూ లేనిదాన్ని, నర్సునే. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియక ఇంతసేపు చదువుతూ కూర్చున్నాను. మూడోషిఫ్టు, మీరు చెప్పిన దాంట్లో దేవుడి ప్రశ్న ఒకటి, ఉద్యోగం ప్రశ్న ఒకటి కలిసిపోయాయనిపిస్తోంది. ఆ పాపకు నొప్పి మందు సరిపోయిందా? డ్రెస్సింగ్‌కి ఎంత ముందు ఇచ్చేవాళ్లు? మీతోపాటు ఇంకో మనిషి ఉండేదా?

మూడోషిఫ్టు
మంచి ప్రశ్న అడిగారు, చేతులు వణికాయి చదివి. మందు రాసి ఉండేది. కానీ అది పనిచేయడం మొదలుపెట్టేదాకా ఆగే టైమ్ ఉండేది కాదు, అవతల ఇంకా చాలామంది ఎదురుచూస్తుండేవాళ్లు. మత్తు డాక్టర్‌ని పిలిచి చేయిద్దామని అడిగాను, ప్రతిసారీ కుదరదన్నారు. ఇద్దరం ఉండాల్సిన చోట ఒక్కదాన్నే.

దేవుడంటే_తెలియదు
అదీ సంగతి. దీనికి నర్సింగ్ నీతిశాస్త్రంలో ఒక పేరుంది, నైతిక వేదన. ఆండ్రూ జేమ్‌టన్ అనే ఆయన 1984లో నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో దీన్ని విడదీసి చూపించాడు. ఏది సరైన పనో నర్సుకు తెలుసు, కానీ వ్యవస్థ చేయనివ్వదు. అలసట వేరు, దుఃఖం వేరు, ఇది వేరు. నిద్రపోతే అలసట తీరుతుంది. ఇది తీరదు, ఎందుకంటే మీ మనస్సాక్షి బాగానే పనిచేస్తోంది.

సందేహాల_తోమా
దీన్ని ప్రింట్ తీసి మా సూపరింటెండెంట్ గది తలుపుకు అంటించాలనుంది. స్టాఫ్ తక్కువైతే అది దేవుని పరీక్ష కాదు మహాప్రభో, స్టాఫ్ తక్కువ, అంతే. "ప్రభువు బలమిస్తాడు" అని ముప్పై మందికి ఒక నర్సును పెట్టేవాళ్లకు ఏ వచనం చూపించాలి?

పాత_హెడ్‌నర్స్
నిర్గమకాండం 5. ఇశ్రాయేలు బానిసలకు గడ్డి ఇవ్వకుండానే ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు ఐగుప్తు రాజు ఫరో. అక్కడ దేవుడు ఫరో పక్షాన లేడు.

సందేహాల_తోమా
అక్కా, దండం 🙏 రేపు స్టాఫ్ మీటింగ్‌లో వాడేస్తా.

విశ్వాసవీరుడు
వ్యవస్థ మీద కోపం సరే. అసలు ప్రశ్న పక్కకు పోతోంది. మందు సమయానికి ఇచ్చినా, ఇద్దరు నర్సులున్నా ఆ బిడ్డ చనిపోయి ఉండొచ్చు కదా? అప్పుడు విశ్వాసి ఏం చెప్పాలి? దేవుడు సార్వభౌముడని చెప్పకపోతే ఇక మనకూ ఈ మేడమ్‌కీ తేడా ఏమిటి?

ఆస్పత్రి_చాప్లిన్
ఏం చెప్పాలి అన్నారు. పిల్లల్ని పోగొట్టుకుని, ఒళ్లంతా పుండ్లతో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు (యోబు 2:13). అంతవరకూ వాళ్లది పద్ధతైన పరామర్శే. నోరు తెరిచాక మొదలైంది గొడవ. "నువ్వేదో పాపం చేసుంటావు", "దేవుడు అన్యాయం చేయడు కదా", అధ్యాయాలకు అధ్యాయాలు. వాళ్లు చెప్పినవాటిలో విడివిడిగా తీసి చూస్తే తప్పు పట్టలేని వాక్యాలు బోలెడు. అయినా 42:7లో దేవుని కోపం మండింది వాళ్ల మీద, తిట్టిపోసిన యోబు మీద కాదు. తన గురించి సరిగ్గా మాట్లాడింది యోబేనన్నాడు.

ఆ ఏడు రోజుల పని నర్సులది. తర్వాతి ముప్పై చిల్లర అధ్యాయాల పని ఎవరు నెత్తినేసుకుంటున్నారో వాళ్లిష్టం.

విశ్వాసవీరుడు
కానీ చివర్లో దేవుడు యోబుకు కూడా జవాబిచ్చాడుగా.

ఆస్పత్రి_చాప్లిన్
మాట్లాడాడు. "ఎందుకు" అన్నదానికి మాత్రం జవాబు ఇవ్వలేదు. 38 నుంచి 41 దాకా ఇంకోసారి చదవండి, భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు, అడవి గాడిద, నిప్పుకోడి, మొసలి... పుండ్లు ఎందుకొచ్చాయన్న సంగతి ఒక్క చోటా లేదు.

బీఎస్సీ_థర్డియర్
చదివేదాన్నే గానీ రాయలేదు ఎప్పుడూ. నాకూ ఒక సందేహం ఉంది. క్లినికల్ పోస్టింగ్‌లో ఒక తాతగారు, క్యాన్సర్ ఎముకలకు పాకింది. పక్కకు తిప్పితే చాలు, పళ్లు బిగపట్టేవారు. డాక్టర్ మార్ఫిన్ రాశారు. ఇంట్లోవాళ్లు వద్దన్నారు. ఒక కారణం, అది ఇస్తే త్వరగా పోతారని భయం. రెండోది, "మేము స్వస్థత కోసం ప్రార్థిస్తున్నాం, ఇది తీసుకుంటే అపనమ్మకం అవుతుంది" అన్నారు. మా ఇన్‌స్ట్రక్టర్ లేరు అప్పుడు. నేనూ విశ్వాసినే కాబట్టి ఏం మాట్లాడాలో తెలియలేదు.

పాలియేటివ్_సిస్టర్
ముందు ఒకటి చెప్పు తల్లీ, తాతగారిని ఎవరైనా అడిగారా? స్పృహలో ఉన్న పేషెంట్ నొప్పి గురించి ఇంట్లోవాళ్లు తీర్మానం చేయడమేమిటి?

మార్ఫిన్ సంగతి. నొప్పికి తగ్గట్టు, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతే అది చావును తొందరపెట్టదు. ఊపిరి ఎలా ఉంది, మగత ఎంత ఉంది చూస్తూనే ఉంటాం. మలబద్ధకం మాత్రం ఖాయం, అందుకే మొదటి రోజు నుంచే విరేచనం మందు కలిపి రాయించుకోవాలి. ఇది చెప్పనందుకే సగం కుటుంబాలు మందు మీద నమ్మకం పోగొట్టుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి 1986లోనే ఇచ్చింది, అందులో పై మెట్టు మార్ఫిన్ లాంటి మందులదే. ఇంకో ముఖ్యమైన సంగతి, నొప్పి వచ్చేదాకా ఆగి ఇవ్వడం కాదు, గడియారం చూసుకుని ఇవ్వాలి. ఆ పద్ధతి గట్టిగా పట్టుకుని నిలబెట్టింది సిసిలీ సాండర్స్. ఆవిడ ముందు నర్సు, వెన్నునొప్పితో ఆ పని వదిలి ఆస్పత్రి సామాజిక కార్యకర్త అయ్యారు, తర్వాత చదివి 1957లో డాక్టర్ అయ్యారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టారు, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటు. గట్టి క్రైస్తవురాలు. ఆవిడ విశ్వాసమే ఆవిడ చేత మార్ఫిన్ సీసా పట్టించింది.

విశ్వాసవీరుడు
నేను మందులకు వ్యతిరేకిని కాను, అపార్థం చేసుకోకండి. కానీ మార్కు 15:23 చూడండి. సిలువ దగ్గర యేసుకు బోళము కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోయారు, ఆయన పుచ్చుకోలేదు. శ్రమను పూర్తిగా అనుభవించాడు. శ్రమలో కూడా ఒక అర్థం ఉంటుందని నా ఉద్దేశం, దాన్ని పూర్తిగా తుడిచేయాలనుకోవడం ఈ కాలపు ధోరణి.

పాత_హెడ్‌నర్స్
తన కోసం తాను వద్దన్నాడు. తన దగ్గరికి వచ్చిన ఒక్క రోగికైనా "ఓర్చుకో, నీకు మంచిది" అన్నాడేమో చూపించండి. కుష్ఠురోగిని ముట్టుకున్నాడు, జ్వరంతో పడుకున్న పేతురు అత్తను చెయ్యి పట్టి లేపాడు. ఆయన చెప్పిన కథలో మంచి సమరయుడు దొంగలు కొట్టి పడేసినవాడి గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, "దెబ్బల్లో అర్థం వెతుక్కో" అనలేదు.

సామెతలు 31:6 కూడా చూడండి. ప్రాణం పోతున్నవాడికి మద్యం ఇమ్మని ఉంది. ఆ కాలంలో వాళ్ల దగ్గర ఉన్న నొప్పి మందు అదే.

సందేహాల_తోమా
ఈ వచనం మా ఆదివారం బడిలో ఎందుకు కంఠస్థం చేయించలేదో ఇప్పుడర్థమైంది.

ఆస్పత్రి_చాప్లిన్
స్వస్థత కోసం ప్రార్థిస్తే మందు వద్దు అనే కుటుంబాలకు నేను జబ్బుపడ్డ హిజ్కియా రాజు కథ చెబుతాను. 2 రాజులు 20. ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు ఇంకో 15 ఏళ్లు ఇస్తానన్నాడు. అంతా అయ్యాక యెషయా ప్రవక్త ఏమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టండన్నాడు. మాట సాక్షాత్తూ దేవుడిచ్చినా డ్రెస్సింగ్ తప్పలేదు. కోపం లేకుండా చెబితే చాలామంది వింటారు.

కేథలిక్ కుటుంబమైతే ఇంకో దారి ఉంది. 12వ పయస్ పోపు 1957లో మత్తు డాక్టర్ల ప్రశ్నలకు జవాబిస్తూ, నొప్పి తగ్గించే ఉద్దేశంతో ఇచ్చే మందు వల్ల ఒకవేళ ఆయుష్షు కొంత తగ్గినా, వేరే మార్గం లేనప్పుడు ఇవ్వొచ్చన్నారు. మీ పాస్టర్ గారితోనో ఫాదర్‌తోనో ఫోన్‌లో మాట్లాడించమనండి. నర్సు చెబితే విననివాళ్లు వాళ్లు చెబితే వింటారు. మన అహం పక్కన పెట్టాలి, పేషెంట్‌కి మందు పడాలి.

విశ్వాసవీరుడు
హిజ్కియా ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటాను. శ్రమకు అర్థమే లేదన్నది మాత్రం ఒప్పుకోను.

పాలియేటివ్_సిస్టర్
అర్థం ఉండొచ్చు బ్రదర్. దాన్ని పేషెంట్ తనంతట తాను చెబితే వింటాను. చాలామంది చెబుతారు కూడా, కొందరి మాటలు విని ఇంటికెళ్లి నిద్రపోలేదు. కానీ పక్కన నిలబడ్డ నేను, నొప్పి లేని నేను, వాళ్ల నొప్పికి అర్థం చెప్పడమేమిటి? నాకు ఆ హక్కు ఎక్కడిది?

దీపం_ఆరింది
నేను ఒకప్పుడు మీలాగే ఉండేదాన్ని, ఇప్పుడు చర్చికి వెళ్లను. నర్సింగ్ మాత్రం వదల్లేదు. ఎవరినీ మార్చడానికి రాయడం లేదు. మూడోషిఫ్టు, నమ్మకం పోతే హాయిగా ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకు. నాకు జవాబులు లేని లోటు లేదు, అవి అప్పుడూ లేవు. పేషెంట్ పోయాక స్కూటర్ స్టాండులో నిలబడి ఎవరినో గట్టిగా తిట్టాలనిపిస్తుంది, తిట్టడానికి ఎవరూ లేరు. అది మాత్రం లోటే.

విశ్వాసవీరుడు
అంటే దేవుడు కావాల్సింది తిట్టడానికా? ఇలాంటి మాటలే చిన్నపిల్లల విశ్వాసాన్ని...

సందేహాల_తోమా
వీరుడన్నా, ఆవిడ మనసులో మాట చెప్పారు. క్లాసు పీకకు.

మోడరేటర్
ఒకరి విశ్వాసాన్నో విశ్వాసం లేకపోవడాన్నో ఇంకొకరు కొలవొద్దు. వాదన వాదనతో చేయండి. తర్వాత రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకు తెలుసు.

ఆస్పత్రి_చాప్లిన్
వీరుడు గారికి చిన్న మాట. కీర్తనల్లో చాలా భాగం ఫిర్యాదులే. 13లో "ఎంతవరకు" అని మొదటి రెండు వచనాల్లోనే మళ్లీ మళ్లీ అడుగుతాడు. మామూలుగా ఇలాంటి కీర్తనలు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88 తిరగదు. మొదట్లో "నా రక్షణకర్తవగు దేవా" అని పిలిచి, ఆఖరికి చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని బైబిల్ నుంచి ఎవరూ తీసేయలేదు. సిలువ మీద యేసు అరిచింది కూడా 22వ కీర్తన మొదటి మాటే, చెయ్యి ఎందుకు విడిచావని. దీపం_ఆరింది గారు అన్నది, తెలిసో తెలియకో, ఆ వరసలోదే.

దీపం_ఆరింది
88 నాకెవరూ ఎప్పుడూ చదివి వినిపించలేదు. 23 మాత్రం ప్రతి భూస్థాపనలోనూ విన్నాను.

మూడోషిఫ్టు
నేను ఇందాకే చదివాను 88. ఏమీ మారలేదు, కానీ గట్టిగా చదివితే గొంతు వచ్చింది. అది చాలా రోజుల తర్వాత.

ఇంకో విషయం అడగాలి, కొంచెం సిగ్గుగా ఉంది. ఆ పాప పోయినప్పుడు ఏడుపు కంటే ముందు ఇంకేదో వచ్చింది. "హమ్మయ్య, ఇక డ్రెస్సింగ్ లేదు" అన్నట్టు. అది ఎవరికీ చెప్పలేదు.

సందేహాల_తోమా
సిస్టర్, జోకులు పక్కన పెట్టి రాస్తున్నాను. నాది ఐసీయూ. వెంటిలేటర్ మీద నెలల తరబడి ఉన్నవాళ్లను చూస్తాం. నడుం దగ్గర పుండు పడకుండా రెండేసి గంటలకోసారి తిప్పుతాం, అయినా పడుతుంది. కఫం లాగడానికి సక్షన్ గొట్టం పెట్టిన ప్రతిసారీ ముఖం ఎర్రబడుతుంది. అలాంటి మనిషి పోయినప్పుడు నాకూ "హమ్మయ్య" వస్తుంది. వచ్చిన మరుక్షణం నేనేదో చంపినట్టు అనిపిస్తుంది. ఇది ఎవరితోనూ అనలేని మాట. సంఘంలో అంటే ఉలిక్కిపడతారు, ఇంట్లో అంటే భయపడతారు.

ఇంకా దారుణం ఏమిటంటే తర్వాత జరిగేది. వైర్లు తుడిచి చుట్టేస్తాం, బెడ్ కడిగేస్తారు, కొత్త షీటు, అరగంటలో ఇంకో పేషెంట్. అంతవరకూ అక్కడ ఒక మనిషి ఉండేవాడన్న ఆనవాలు ఉండదు. మా దగ్గర ఒక పద్ధతి మొదలుపెట్టాం. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో ఎమర్జెన్సీ నర్సు ఒకాయన మొదలుపెట్టింది ఇది. చనిపోయారని ప్రకటించాక, ట్యూబులు తీయక ముందు, ఎవరైనా ఒకరు "ఒక్క నిమిషం ఆగుదాం" అంటారు. ఈయన ఒకరికి భర్త, ఒకరికి నాన్న, మనం చేతనైంది చేశాం, అని రెండు మాటలు. తర్వాత అందరూ మౌనంగా నిలబడతారు. ఎవరి దేవుడిని వాళ్లు తలుచుకోవచ్చు, తలుచుకోకపోవచ్చు. డాక్టర్లు మొదట్లో గడియారం చూసుకునేవాళ్లు. ఇప్పుడు వాళ్లే గుర్తు చేస్తున్నారు.

పాత_హెడ్‌నర్స్
మూడోషిఫ్టు తల్లీ, ఆ "హమ్మయ్య" ఆ పాప తరఫున వచ్చింది. ఆ బిడ్డ నొప్పి ఆగిందని వచ్చింది. దానికి క్షమాపణ అడగాల్సిన పని లేదు.

బీఎస్సీ_థర్డియర్
ఒక పక్క ఇంత చదువుతుంటే ఈ ఉద్యోగానికి నేను పనికొస్తానా అని టెన్షన్ వస్తోంది. మా సీనియర్లు "కొన్నాళ్లకు రాయైపోతావులే" అంటున్నారు. రాయైపోవాలా?

దేవుడంటే_తెలియదు
రాయైనవాళ్లు నొప్పి ఎంతుందో పేషెంట్‌ని అడక్కుండానే స్కోరు నింపేస్తారు. అవద్దు.

పాలియేటివ్_సిస్టర్
రాయి కావడానికీ, ప్రతి పేషెంట్‌తోపాటు మునిగిపోవడానికీ మధ్యలో చోటుంది పాపా. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు, యోహాను 11:35. లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. తెలిసీ ఏడ్చాడు. "ఇంకాసేపట్లో లేస్తాడు కదా, ఏడవకండి" అని లాజరు తోబుట్టువు మరియను మందలించలేదు. ఏడ్చాక రాయి తీయమన్నాడు, పని చూశాడు.

నా పని ఎలా ఉంటుందో చెబుతాను, నీకు కొంచెం తేలికవుతుందేమో. ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లకు నోరు ఎండిపోతుంది, మింగలేరు. స్పాంజి పుల్లను నీళ్లలో ముంచి, అదనపు నీళ్లు పిండేసి, ముందు పెదవులు, తర్వాత చిగుళ్ల వెంట, ఆ తర్వాత నాలుక. మరీ వెనక్కి పోనిస్తే డోకు వస్తుంది, చూసుకోవాలి. పెదవులు చీలకుండా జెల్ రాస్తాను. ఆక్సిజన్ పెట్టి ఉంటే వాజలీన్ లాంటిది వాడం, నీటితో చేసిన జెల్లే. చేసే ముందు ప్రతిసారీ పేరు పెట్టి పిలిచి చెబుతాను, వినపడుతుందో లేదో తెలియకపోయినా. ఒక్కోసారి పెదవి ఆ స్పాంజిని పట్టుకుంటుంది, పసిపిల్లల్లాగా. ఎందుకు బాధ వచ్చిందన్న ప్రశ్న ఆ కాసేపు నాకు గుర్తురాదు.

అలాగని పనే ప్రార్థన అని నేను అనను. అలా చెప్పుకునేవాళ్లు ఏడాది తిరక్కుండా రెండూ వదిలేయడం చూశాను. పని పనే, ప్రార్థన ప్రార్థనే, దేనికి దాని టైమ్ ఇవ్వాలి.

విశ్వాసవీరుడు
మీరు పేషెంట్ దగ్గర ప్రార్థన చేస్తారా? సువార్త చెబుతారా? ఆఖరి ఘడియల్లో చెప్పకపోతే ఇంకెప్పుడు?

పాలియేటివ్_సిస్టర్
అడిగితే చేస్తాను. అడక్కపోతే చేయను. మంచం మీద కదలలేని మనిషి నా మాట ఇష్టం లేకపోతే లేచి వెళ్లలేడు కదా. అలాంటివాడికి బోధించడం బలప్రయోగం లాంటిదే. రోగి మత విశ్వాసాలను గౌరవించాలని నర్సుల అంతర్జాతీయ మండలి నియమావళి కూడా చెబుతుంది. ముస్లిం పేషెంట్ అయితే ఖురాన్ వినిపించడానికి వాళ్లవాళ్లను పిలిపిస్తాను, హిందువులైతే వాళ్లకు కావాల్సింది చేసుకోనిస్తాను. నా ప్రార్థన నా మనసులో చేసుకుంటే ఎవరూ అడ్డుకోరు.

విశ్వాసవీరుడు
దీని మీద మనకు ఎప్పటికీ కుదరదు.

పాలియేటివ్_సిస్టర్
కుదరక్కర్లేదు బ్రదర్. మీ భార్య వార్డులో ఏం చేస్తారో ఓసారి అడగండి.

విశ్వాసవీరుడు
అడిగాను. "పాలియేటివ్ సిస్టర్ చెప్పిందే కరెక్టు, నువ్వు ఫోన్ పక్కన పెట్టు" అంది.

సందేహాల_తోమా
😂😂 ఈ థ్రెడ్ మొత్తంలో బెస్ట్ పోస్ట్ ఇదే.

మూడోషిఫ్టు
చాలా రోజులకు నవ్వాను. వీరుడు గారూ, థ్యాంక్స్, వెక్కిరింపుగా కాదు.

కానీ ఇంకో మాట కూడా ఉంది. మా సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమంటున్నారు, వైద్య సేవలో దేవుని కార్యాలు అని. స్టేజీ ఎక్కి "నాకు ఆయన ఉన్నట్టే అనిపించడం లేదు" అని చెప్పలేను, అబద్ధమూ చెప్పలేను.

ఆస్పత్రి_చాప్లిన్
ఇప్పుడు చెప్పను, తర్వాతెప్పుడైనా చెబుతాను అనండి, చాలు. కారణం చెప్పాల్సిన అవసరం లేదు.

ఉన్నట్టు అనిపించకపోవడం గురించి. మదర్ థెరిసా ఉత్తరాలు ఆవిడ చనిపోయిన పదేళ్లకు, 2007లో పుస్తకంగా వచ్చాయి. దశాబ్దాల తరబడి దేవుడు దగ్గర ఉన్నట్టే అనిపించలేదని తన ఆత్మ గురువులకు రాసుకున్నారు. బయట ఎవరికీ తెలియదు. చదివి కొందరు ఆవిడ నమ్మలేదన్నారు, కొందరు అంతకంటే గట్టి నమ్మకం లేదన్నారు. నేను రెండోవైపు. అలాగని అన్నేళ్లు ఒంటరిగా మోయమని మీకు చెప్పను. మీకు మనుషులు కావాలి.

పాత_హెడ్‌నర్స్
నిద్ర కూడా కావాలి. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చేయలేదు. లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. దేవుడితో సంభాషణ ఆ తర్వాతెప్పుడో, హోరేబు కొండ ఎక్కాక. వరసగా నైట్ డ్యూటీలు వేస్తుంటే మార్చమని రాసివ్వు. ఆ వార్డు నుంచి కొన్నాళ్లు బదిలీ అడుగు. అది పారిపోవడం కాదు.

అప్పటికీ నిద్ర పట్టకపోయినా, ట్రాలీ చప్పుడుకు ఒళ్లు జలదరిస్తున్నా సైకియాట్రిస్ట్‌ని కలువు. ప్రార్థన సరిపోలేదని కాదు. అంజూరపు ముద్ద గుర్తుందిగా.

దేవుడంటే_తెలియదు
దీనితోపాటు ఇంకొకటి. డ్రెస్సింగ్‌కి ముందు నొప్పి మందు ఇచ్చిన టైమ్, డ్రెస్సింగ్ మొదలుపెట్టిన టైమ్, పేషెంట్ చెప్పిన నొప్పి స్కోరు, మూడూ కేస్ షీట్‌లో రాయడం మొదలుపెట్టండి. ప్రతి పేషెంట్‌కీ. మీ వేదనను ఎవరూ పట్టించుకోకపోవచ్చు, కాగితం మీద ఉన్న టైమ్‌ను పట్టించుకోక తప్పదు. మేం అలాగే రెండో నర్సును సంపాదించాం.

మూడోషిఫ్టు
స్కోరు రాస్తున్నాం, టైమ్ విడిగా రాయడం లేదు. ఈ రాత్రి నుంచి రాస్తాను. వార్డు మార్చమని అడగాలో లేదో ఇంకా తేల్చుకోలేదు. మళ్లీ ఇంకో పిల్లాడు చేరాడు, నేను చేస్తే కదలకుండా ఉంటున్నాడు.

పాత_హెడ్‌నర్స్
ఆ ఒక్క కారణంతో ఉండిపోకు. ఉంటే ఉండు, కానీ ఆ కారణంతో వద్దు. వాడికి వేరే చెయ్యి కూడా అలవాటు చెయ్యి.

దీపం_ఆరింది
మూడోషిఫ్టు, నీకు మెసేజ్ పెట్టాను. దేవుడి గురించి కాదు, ఊరికే మాట్లాడుకుందామని.

బీఎస్సీ_థర్డియర్
ఆ తాతగారి సంగతి చెప్పడం మర్చిపోయాను. మరుసటి పోస్టింగ్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లి ఆయన్నే అడిగాం. "నా కొడుకు ప్రార్థన చేసుకోనీ, నాకు మందు వెయ్యండి" అన్నారు. అంతే, ఒక్క మాటలో తేలిపోయింది. కొడుకు కూడా ఏమీ అనలేదు. వచ్చే వారం ఎథిక్స్ వైవా ఉంది, ఇదే కేసు చెబుదామనుకుంటున్నాను.

సందేహాల_తోమా
చెప్పు. సామెతలు 31:6 మాత్రం ఎగ్జామినర్ ముందు తీయకు.